పాట ఎత్తుకునే వంతు

మా వాడలో ధనుర్మాసం ముప్పై రోజులూ తెల్లవారుజామున భజన తిరుగుతుంది. రామమందిరం మెట్లు దిగి, ఖిలా వరంగల్ పోయే రోడ్డు దాకా నడిచి, నాలుగు గల్లీలు చుట్టి మళ్లీ ఆ మెట్ల దగ్గరికే వస్తాం. ముప్పావు గంట పడుతుంది. దానికి ఒకటే కట్టుబాటు. మెట్లు దిగాక మళ్లీ ఎక్కేదాకా పాట కింద పడకూడదు. ఒక పాట ముగియగానే అందరూ గోవింద కొడతారు. ఆ కేక చల్లారకముందే ఇంకో పాట ఎత్తుకోవాలి. ఎత్తుకోవడమంటే ఒక్కరే మొదటి పాదం పాడి మందికి అందించడం. మంది దాన్ని అందుకుని తిరిగి పాడతారు. రెండో పాదం, మూడో పాదం, అన్నీ అంతే. పదహారేళ్లపాటు, ఒక్కసారి తప్ప, మా వాడలో ఎత్తుకున్న మనిషిని నేనొక్కదాన్నే.

నేను రవికలు కుట్టి బతికేదాన్ని. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా హన్మకొండ గ్రంథాలయంలో జరిగింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు గర్వమే. ప్రతి మంగళవారం మిషను మీద గుడ్డ కప్పి సిటీ బస్సెక్కేదాన్ని. మొదట కథల పుస్తకాలు చదివాను. తర్వాత సంగీతం బీరువా దగ్గరికి చేరాను. స్వరమంటే ఏమిటి, శ్రుతి అంటే ఏమిటి, మా ముసలమ్మలు వడ్లు చెరుగుతూ పాడే పాటలో ఏ రాగం నీడ ఉంది, ఇవన్నీ అక్కడ కూర్చునే తెలుసుకున్నాను. అర్థం కాని పేజీని మూడు మంగళవారాలు వరసగా చదివిన రోజులున్నాయి. నోట్సు పుస్తకాలు పదకొండు నిండాయి. వాడలో నన్ను 'లైబ్రరీ అక్క' అంటారు. సగం వెక్కిరింపు, సగం మర్యాద. నేను రెండూ ఉంచుకున్నాను.

రెండేళ్ల కిందట కార్తీకంలో నా గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. తగ్గలేదు. దవాఖానలో డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించింది. స్వరతంతువుల మీద రెండు చిన్న కాయలు. రోకలి పట్టిన చేతులు కాయలు కాసినట్టే ఉన్నాయి.

"ఆపరేషన్ వద్దులే. కానీ రెండు నెలలు మాట్లాడకూడదు. గుసగుసగా కూడా వద్దు" అంది.

మరి పాట అన్నట్టు చెయ్యి ఊపాను.

"పాట ఎత్తితే మాత్రం ఆపరేషనే."

గుసగుస ఎందుకు వద్దో నాకు అర్థం కాలేదు. మంగళవారం వెళ్లి శరీరశాస్త్రం పుస్తకం తీసి చూశాను. గుసగుసలోనూ తంతువులు బిగుసుకుంటాయట. డాక్టరమ్మ సరిగ్గానే చెప్పింది. వచ్చేటప్పుడు బజారులో ఒక పలక, డబ్బాడు బలపాలు కొన్నాను.

ధనుర్మాసం ఇక నెల కూడా లేదు.

శనివారం భజనకు మందిరంలో అందరం కూర్చున్నప్పుడు సంగతి పలక మీద రాశాను. మాలో సగం మందికి చదువు రాదు. అందుకని ఆయమ్మ చదివి వినిపించింది. ఆయమ్మ అంటే అంగన్‌వాడీలో చాలా ఏళ్లు పనిచేసిన ముసలావిడ. భజనలో తాళాలు ఆమెవే. పలక చదివితే ఉన్నది ఉన్నట్టు చదవదు, తన మాట కూడా కలుపుతుంది.

ముందుగా సేటు మాట్లాడాడు. మా గల్లీ మొదట్లో పెద్ద కిరాణం ఆయనది. ముప్పై రోజులూ ప్రసాదం ఆయనే వండిస్తాడు. మంచి మనిషి, భక్తి గలవాడు.

"అక్కా, నువ్వేం ఫికర్ చెయ్యకు. నాకు ఆటో ఉన్నది, పెద్ద స్పీకర్ ఉన్నది. ఫోన్ల ఎన్ని పాటలంటె అన్ని పాటలు. ఆటో ముందట పోతాంటె మనం ఎన్క నడుత్తం. ఎవల గొంతు నొయ్యది, పాట కింద పడది."

"గట్లయితె పున్నెం ఆటోకస్తది" అంది ఆయమ్మ. "మనకేమొస్తది సేటూ, పొగ?"

"నీకన్ని పరాచికాలే. వేరే వాడలల్ల గట్లనే చేస్తాన్లు. మంచిగ నడుస్తాంది."

నడుస్తున్న సంగతి నాకూ తెలుసు. స్టేషను అవతలి వాడలో ఒకటి చూశాను. మొదటి ఏడు ఆటో వెనక మంది నడిచారు. రెండో ఏడు గుమ్మాల్లో నిలబడి దండం పెట్టారు. మూడో ఏడు ఆటో ఒక్కటే తిరిగింది, దుప్పట్లోంచి విన్నారు. ఒకసారి మా వాడలోకి స్పీకరు వస్తే నోళ్లు మళ్లీ తెరుచుకోవు. నేను పలక తుడిచి పెద్ద అక్షరాలతో రాశాను.

"నోటి...తోనే... పాడుదాం" చదివింది ఆయమ్మ. "ఎత్తుకునే... మనుషులను... తయారు చేస్తాను. ఏందే! ఇన్నొద్దులు మేం మనుషులం గామా?"

అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వి, వేళ్లు మూడు చూపించాడు.

"సరే అక్కా. మూడు దినాలు చూద్దాం. మూడు దినాలల్ల తోవల పాట పడితె, నాలుగో పొద్దు ఆటో వస్తది. కట్టుబాటు మీదేనాయె, నేను వెట్టింది గాదు."

నేను తల ఊపాను.

మర్నాటి సాయంత్రమే అందరినీ మందిరంలో కూర్చోబెట్టాను. వీధి చివరింటి కోడలిని ఎత్తుకొమ్మని సైగ చేశాను. మా అందరిలో చక్కటి గొంతు ఆమెది. తొమ్మిదేళ్లుగా నా పక్కనే నిలబడి పాడుతుంది. తోవలో పాడే పన్నెండు పాటలూ ఆమెకు కంఠస్థం. శ్రుతిపెట్టె ఆన్ చేశాను. ఆయమ్మ తాళం వేసింది. కోడలు నోరు తెరిచింది. తెరిచి నా వైపు చూసింది. మంది ఆమె వైపు చూశారు. తాళం నాలుగు చుట్లు తిరిగింది.

"ఏమైతాందే?" అంది ఆయమ్మ.

"వస్తలేదు అక్కా" అంది కోడలు, ఏడుపు మొహంతో. "నువ్వంటె నేనంట. నువ్వనకపోతె నాకు మొదలేందో దొరుకుతలేదు."

ఇంకో ఇద్దరిని అడిగాను. అంతే. ఒకామె పాట నడుమ నుంచి మొదలుపెట్టి నాలుక కరుచుకుంది. పాట మొత్తం వచ్చినవాళ్లు పాతికమంది కూర్చున్నారు, మొదలుపెట్టగలిగినవాళ్లు ఒక్కరు లేరు. ఇదేమి విడ్డూరమో ఏ పుస్తకంలో వెతకాలో తెలియలేదు. తర్వాత అర్థమైంది, ఇది పుస్తకాల్లో ఉండే సంగతి కాదు, నేను చేసిన పని.

అప్పటికి అయిదేళ్ల కిందట ఒక శనివారం పాటల మధ్య నేను మంచినీళ్లు తాగుతున్నాను. గోవింద చల్లారిపోతోంది. వెనక చిరుతల చెక్కలు పట్టుకుని నిలబడ్డ హమాలీ అన్న పాట పడిపోతుందని తానే ఎత్తుకున్నాడు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే మనిషి. మొరటు గొంతు, నా శ్రుతిపెట్టెకు చాలా కింద. పాట అయ్యాక అందరి ముందూ అన్నాను: "అన్నా, ఇది మార్కెట్ యార్డు గాదు. శ్రుతి తెల్వనోళ్లు ఎత్తుకోవద్దు." ఆయన ఆ వారం నుంచి చెప్పులు విడిచే చోట నిలబడడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మా భజనలో నేను తప్ప ఎవరూ నోరు ముందు తెరవలేదు. అది క్రమశిక్షణ అనుకుని సంతోషించాను.

మరుసటి ఉదయం ఆయమ్మను వెంటబెట్టుకుని మార్కెట్ యార్డుకు వెళ్లాను.

లారీలోకి వడ్ల బస్తాలు ఎక్కిస్తున్నారు. నలుగురు నాలుగు మూలలు పట్టారు. అన్న పక్కన నిలబడి ఒక అరుపు అరిచాడు. అది మాట కాదు, పాటా కాదు. కానీ ఆ అరుపుకు ముందు ఆయన ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఆ పీల్పుకు నలుగురి ఛాతీలూ నిండాయి. అరుపు పడగానే బస్తా లేచింది. మళ్లీ పీల్పు, మళ్లీ అరుపు. ఒక్కసారి కూడా ఒక మూల ముందు లేచి ఇంకో మూల వెనకబడలేదు. నా పదకొండు నోట్సుల్లో ఈ సంగతి లేదు. ఆ రోజు ఇంటికి వెళ్లాక పన్నెండో పుస్తకం మొదలుపెట్టి మొదటి పేజీలో ఇదే రాసుకున్నాను.

మమ్మల్ని చూసి అన్న తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఏందే చెల్లె, గింత దూరమొచ్చినవ్? హమాలోళ్లకు గూడ రవికలు కుడుతానవా?"

వెనకున్న గుంపు ఘొల్లుమంది. నేను ముందే రాసిపెట్టుకున్న పలక ఆయమ్మ చేతికిచ్చాను.

"ఆ రోజు... నేనన్న మాట... తప్పు" చదివి ఆగింది ఆయమ్మ. "ఏ రోజే? ఏ మాట?" నా మొహం చూసింది. "ఓహో, గా మాటనా! అయిదేండ్ల సంది కడుపుల వెట్టుకోని ఇయ్యాల దెచ్చినవా?"

"పలక తుడువు చెల్లె" అన్నాడు అన్న. "ఇంతమందిల చదివిచ్చుడెందుకు. నేను మర్చిపోయిన." మర్చిపోలేదని ఆయన కళ్లే చెప్పాయి.

తుడవలేదు. కింద వేలు పెట్టి చూపించాను. ఇంకో వాక్యం ఉంది.

"ఈ ధనుర్మాసం... నువ్వు ఎత్తుకోవాలి."

"నాకు శ్రుతి ఇప్పటికీ తెల్వది."

అప్పుడు తుడిచి రాశాను: 'నాకు మందిని లేపడం తెలియదు.' దీన్ని మాత్రం ఆయమ్మ తన మాట ఏదీ కలపకుండా చదివింది.

అన్న తువ్వాల భుజాన వేసుకున్నాడు. "వస్త. ఒక్కటే షరతు. గా పెట్టె నా ముందట వెట్టకు. అది గుయ్యిమంటాంటె నాకు కోపమొస్తది."

సాధన మొదలైంది. పన్నెండు పాటలు వరసగా గుర్తుండవన్నాడు అన్న. చదువు రాదు కనుక కాగితం పనికిరాదు. "నాకు జాగ చెప్పు చెల్లె. యార్డుల ఏ రైతు వడ్లు ఏ కుప్పనో నాకు జాగను బట్టే యాదికుంటది. పాట గూడ గట్లనే చెప్పు." అలాగే చేశాం. మెట్ల దగ్గర ఒక పాట, సేటు దుకాణం ముందు ఒకటి, బోరింగు దగ్గర ఒకటి, పిండి గిర్నీ దగ్గర ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకటి, ఇలా పన్నెండు జాగలు. వారం రోజులు సాయంత్రం పూట పాట లేకుండా వాడంతా తిరిగాం. నేను చేత్తో చూపిస్తే ఆయన మొదటి పాదం అనేవాడు. కోడలు పక్కనే నడుస్తూ తప్పిన మాట సరిచేసేది. చూసేవాళ్లు మేం ఇల్లు కొనబోతున్నామనుకున్నారు.

మొదటి రోజు మంచు బాగా కురిసింది. మంది మఫ్లర్లు, శాలువలు చుట్టుకుని మెట్ల దగ్గర చేరారు. నాకు ధైర్యం చాలక శ్రుతిపెట్టెను చిన్న చప్పుడుతో సంచిలో పెట్టుకుని వచ్చాను. అన్న మెట్టు దిగబోయి ఆగాడు.

"చెల్లె, సంచిల తేనెటీగలు వెట్టుకచ్చినవా?"

ఆపేశాను. ఆయన గాలి పీల్చాడు. ముందు వరుసలో వాళ్లందరూ పీల్చడం నా కళ్లతో చూశాను. పాట లేచింది. కానీ ఎంత కింద లేచిందంటే ఆడవాళ్ల గొంతులు అడుగంటిపోయాయి. బావిలోంచి మాట్లాడుతున్నట్టు పాడుతున్నారు. పిడికిలి బిగించి చూస్తూ నడిచాను. బోరింగు దగ్గర కోడలు ఉన్నట్టుండి పై స్థాయికి ఎక్కింది. ఆడవాళ్లందరూ ఆమె వెంట ఎక్కారు. కింద మగవాళ్లు, మీద ఆడవాళ్లు, నడుమ ఖాళీ. మా వాడ భజన అలా వినడం నాకు అదే మొదలు. నేను నడిపినన్నాళ్లూ అందరినీ నా ఒక్క మెట్టు మీదే నిలబెట్టాను. సేటు తన దుకాణం అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాట పడలేదు.

రెండో రోజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కుక్కలు మీదికొచ్చాయి. ఆ గందరగోళంలో అన్నకు పాట తట్టలేదు. గోవింద చల్లారుతుండగా వెనకటి పాటనే మళ్లీ ఎత్తుకున్నాడు. మెట్ల దగ్గర సేటు పట్టుకున్నాడు.

"అదే పాట రెండుసార్లు పాడిన్లు."

"దేవునికి నచ్చి మల్లడిగిండు" అంది ఆయమ్మ. "నువ్వు ప్రసాదం రెండుసార్లు అడగవా?"

పాట పడలేదు కనుక సేటు ఒప్పుకున్నాడు.

మూడో రోజు అన్న మెట్ల దగ్గరికి తలకు తువ్వాల చుట్టుకుని పరుగున వచ్చాడు. "చెల్లె, నర్సంపేట కెల్లి పత్తి లారీ వచ్చింది. తొమ్మిదింటికి వస్తమని గిప్పుడే వచ్చిన్లు. మా గుంపంత నిలవడ్డది. గిర్నీ దాక వస్త. ఆడికెల్లి నాకు మార్కెట్ తోవ."

గిర్నీ దాకా అయిదు పాటలు. అక్కడి నుంచి మెట్ల దాకా ఏడు. ఎవరెత్తుకుంటారని ఎవరూ అడగలేదు. అడిగితే భయం బయటపడుతుందని అందరికీ తెలుసు. అన్న అయిదు పాటలూ ఎత్తుకున్నాడు, ఆ రోజు మరీ గట్టిగా. అయిదోది అయిపోయింది, గోవింద లేచింది. ఆయన నా వైపు ఒకసారి చూసి మార్కెట్ తోవ పట్టాడు.

గోవింద చల్లారుతోంది. కోడలు నా వైపే చూస్తోంది. ఆ మొదటి పాదం నా గొంతులో సిద్ధంగా ఉంది. పాడితే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. అయినా ఒక్క పాదమేగా అనిపించింది. ఆ ఒక్క పాదం పాడితే ఈ రోజు గడుస్తుంది, కానీ రేపు మళ్లీ అందరూ నా నోరే చూస్తారు. పాడకూడదు అనుకున్నాను. గొంతు కోసం కాదు.

ఆయమ్మ చేతుల్లోంచి తాళాలు లాక్కుని మందికి ఎదురుగా తిరిగాను. తాళాలు తల మీదికెత్తి, పెదాలు గట్టిగా మూసి, ముక్కుతో ఛాతీ నిండా గాలి పీల్చాను. భుజాలు లేచాయి. ముందు వరుస భుజాలు లేచాయి. వాళ్ల వెనక వాళ్లవీ లేచాయి. తాళాలు కిందికి కొట్టాను.

కోడలు ఎత్తుకుంది. ఆమె ఒక్కతే కాదు, ఇంకో ఇద్దరు కూడా అదే క్షణంలో తలో స్థాయిలో ఎత్తుకున్నారు. మూడు దారుల్లో మొదలైన పాట రెండో పాదానికి ఒక దారికొచ్చింది. వినడానికి బాగుందని చెప్పను. కానీ పడలేదు. తర్వాతి జాగలో పాలు పోసే ఆమె ఎత్తుకుంది. ఆ తర్వాత డోలక్ కొట్టే పెద్దాయన, జీవితంలో మొదటిసారి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరెత్తుకున్నారో కూడా నాకు కనిపించలేదు, వెనక నుంచి వచ్చింది. నేను ప్రతి జాగలో గాలి పీల్చడం ఒక్కటే చేశాను.

మెట్ల దగ్గర సేటు పొంగలి గిన్నె పట్టుకుని ఉన్నాడు. ముందు నా ఆకులో పెట్టాడు.

"ఆటో మార్కెట్‌కే పంపుత అక్కా. గని నాదొక మాట. మా దుకాణం ముందటి పాట రేపటి సంది నేనెత్తుకుంట. అది నా జాగనే గద."

"ఇగ సచ్చినం" అంది ఆయమ్మ.

నాలుగో రోజు సేటు మంకీ క్యాప్ పెట్టుకుని దుకాణం ముందు నిలబడ్డాడు. నోరు తెరిచి, మింగి, మళ్లీ తెరిచాడు. పక్కన నిలబడ్డ అన్న నిదానంగా గాలి పీల్చి చూపించాడు. సేటు ఎత్తుకున్నాడు, ఎవరికీ అందనంత మీద. మంది మెడలు సాచి అందుకున్నారు. అందనివాళ్లు కింద పాడారు. ఆ ఏడు ముప్పై రోజులూ మా వాడలో స్పీకరు మోగలేదు. నిరుడూ మోగలేదు.

మాఘంలో డాక్టరమ్మ మళ్లీ గొట్టం వేసి చూసి, కాయలు కరిగాయంది. పాడవచ్చంది, పదహారేళ్లు పాడినట్టు మాత్రం వద్దంది. ఆ శనివారం అందరూ నన్నే ఎత్తుకొమ్మన్నారు. ఒక్కటి ఎత్తుకున్నాను. రెండోదానికి కూర్చుండిపోయాను. ఎవరైనా మరీ తప్పు స్థాయిలో మొదలుపెడితే ఇప్పటికీ నా చెవి మండుతుంది. గ్రంథాలయంలో కూర్చుని నేర్చిన చెవి అది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ నోరు మూసుకోవడం కూడా నేర్చుకున్నాను.

ఇప్పుడు కొత్త పాట ఏది నేర్పినా మొదటి పాదం ఒక్కొక్కరి చేత విడిగా అనిపిస్తాను. అందుకోవడం తర్వాత. వాడలో ఇంకా ఎత్తుకోని మనిషి ఆయమ్మ ఒక్కతే. "నాకు తాళాలు చాలు, నీ పలక చదివి చదివి ఉన్న గొంతు పోయింది" అంటుంది. ఈ ధనుర్మాసానికి బోరింగు దగ్గరి పాట ఆమెకు పెట్టాను. ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పిస్తాను.